ప్లగ్గుకు బారెడు దూరం

పుంగనూరు వైర్‌మన్ నారాయణప్ప వంటింట్లో ఏనాడూ టేపు పెట్టి కొలిచింది లేదు. ప్లగ్గు పెట్టమని ఎవరు పిలిచినా లోపలికి వెళ్లి, "ఈ ఇంట్లో అందరికంటే పొడుగు ఎవురమ్మా?" అని అడిగేవాడు. వచ్చినామెను ఒక చెయ్యి కొళాయి మీద పెట్టి, రెండో చెయ్యి గోడ వెంబడి చాచమనేవాడు. వేళ్లు ఆగిన చోటు నుంచి ఇంకో జానెడు అవతల బొగ్గుతో గీత గీసేవాడు. ప్లగ్గు ఆ గీత దాటాకే. తడి చేత్తో కొళాయి పట్టుకున్న మనిషికి స్విచ్చి అందకూడదు, అంతే.

ఈ బుద్ధి ఆయనకు పుట్టుకతో రాలేదు, బజారు వీధి శారదమ్మ ఇంట్లో వచ్చింది. ఎనభైలో ఆమె మదనపల్లె నుంచి మిక్సీ తెప్పించుకుంది. ఇంటి పెద్ద గదా అని నారాయణప్ప ఆమె చేతులే కొలిచాడు. ఆమె పీట ఎక్కితే తప్ప ఉప్పు జాడీ అందుకోలేని మనిషి. ఆరునెలలకు కుప్పం నుంచి కోడలు వచ్చింది, గుమ్మం దగ్గర తల వంచుకునేంత పొడుగు. రెండోరోజే ఆ పిల్ల ఒక చేత్తో కొళాయి కట్టేస్తూ రెండో చేత్తో స్విచ్చి నొక్కింది. షాకు కొట్టి వెనక్కి పడింది. ప్రాణానికేమీ కాలేదు గానీ, మూత ఎగిరిన మిక్సీలోని కొబ్బరి చట్నీ గోడమీది దేవుళ్లందరికీ సమంగా అందింది.

శారదమ్మ నెలరోజులు వీధంతా వినేలా నారాయణప్పను తిట్టింది. ఆ పిల్లకేమన్నా అయ్యుంటే అన్న భయం ముందు ఆ తిట్లు ఆయనకు లెక్కలోకే రాలేదు.

నాలుగేళ్లకు ఆయన ఇంటికీ మిక్సీ వచ్చింది. రుబ్బురోటి ముందు కూర్చునీ కూర్చునీ భార్య మునిలక్ష్మమ్మకు కుడి భుజం పట్టేసింది మరి. ఆమె ఆ వీధిలోకెల్లా పొడుగు. ముచ్చటపడి తానే కొళాయి పట్టుకుని చెయ్యి చాచింది. వేళ్లు ఎదుటి గోడకు తగిలాయి. ఇటు చాచితే ఈ గోడ. ఆ వంటింట్లో ఆమె బారకు అందని జాగా అంగుళం లేదు. ఆమె నెమ్మదిగా మోచెయ్యి వంచింది.

"వంచొద్దు మే, నిండా చాపు" అన్నాడాయన.

"ఊర్లో అందురికీ పెడ్తాండావు. నాకు మాత్రం యాల పెట్టవు?"

నారాయణప్ప బొగ్గుముక్క చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. "ఊరోళ్లకేమన్నా అయితే తిట్లు తిని బతకతా. నీకేమన్నా అయితే నేను యాడికి పోయేది?"

మునిలక్ష్మమ్మ కొళాయి వదిలేసి చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

ప్లగ్గు చివరికి ముందరి గదిలో వెలిసింది. అక్కడ ఖాళీగా ఉన్న గోడ ఒక్కటే, నారాయణప్ప మంచం తలాపున. ఇక రోజూ తెల్లారి ఆరింటికి ఆయన చెవి పక్కనే అల్లం పచ్చడి గర్జించేది. ఆయన దిండుతో రెండు చెవులూ మూసుకునేవాడు. అయినా అది మొదలయ్యే ముందు ఒక కన్ను తెరిచి, ఆమె చేతులు పొడిగా ఉన్నాయా లేదా అని చూసుకునేవాడు.