వణికే రెక్కలు

బోటాటౌంగ్ రేవులో గాలి తిన్నగా రాదు. నది మీద నుంచి వచ్చి పాత గిడ్డంగుల కప్పులకు కొట్టుకుని, ముక్కలై, ఒకసారి కింద నుంచి తంతుంది, ఒకసారి పక్క నుంచి. గాలిపటాలకు అంతకంటే చెడ్డ చోటు ఈ ఊళ్లో లేదు. నాన్నకు మాత్రం అక్కడే కావాలి.

ఆదివారం సాయంత్రం మా ఇల్లున్న పజుండౌంగ్ నుంచి బస్సులో వెళ్లేవాళ్లం. పటం పట్టుకుని ఆయన ముప్ఫై అడుగుల దూరంలో నిలబడేవాడు. దారం నా చేతిలో. గాలి అందగానే "నాన్నా, వదిలీ!" అని నేను కేక పెట్టాలి. నాకు నలభై దాటినా అదే వరస.

ఆయన పటం లేస్తే నాకు సిగ్గేసేది. రెక్కల చివర్లు గజగజ వణికేవి. జోరు గాలికి వెనక్కి వాలిపోయి మళ్లీ లేచేవి.

"బద్ద ఇంత పల్చగా చెక్కేవేటి? చూడు, ఎలా ఒణుకుతందో!"

"ఒణకనీ. గాలి గుద్దినప్పుడు ఒంగితే సగం గాలి జారిపోతాది. బిర్రుగుంటే దెబ్బంతా అదే తినాల."

నేను వినలేదు. మింగళాడోన్ బట్టల ఫ్యాక్టరీలో నా పనే చొక్కా కాలర్లు బిర్రుగా నిలబెట్టడం. వంగేది ఏది కనపడినా నా చేతులు ఊరుకోవు.

కిందటి వానాకాలంలో నాన్న పోయాడు. ఇంట్లో ఉన్నదే ఇద్దరం. ఆయన చేసిన పటం ఒక్కటి అలమారా మీద మిగిలింది, అన్నం మెతుకులతో అంటించిన ఎర్ర కాగితం. దానికేమైనా అయితే మళ్లీ చేసేవాళ్లు లేరు. అందుకే ఎగరేసే ముందు, రెక్కల్ని చాచి ఉంచే అడ్డ బద్ద చివర్లు రెండింటికీ దళసరి వెదురు పుల్లలు పెట్టి దారంతో గట్టిగా చుట్టాను. ఏదో ఘనకార్యం చేసినట్టు మురిసిపోయాను కూడా.

రేవులో అది కర్రలా లేచింది. మొదటి గాలి దెబ్బకు మొత్తం పటం పక్కకు తిరిగింది. రెండో దెబ్బకు గింగిరాలు కొడుతూ సిమెంటు మీద పడింది. నా కట్టు చెక్కు చెదరలేదు. కట్టు అయిపోయిన చోట నాన్న బద్ద విరిగింది. అక్కడే కూర్చుని ఏడ్చాను. ఎవరూ పట్టించుకోలేదు.

కొత్త బద్ద చెక్కడానికి మూడు వారాలు పట్టింది. విరిగినదాన్ని పక్కన పెట్టుకుని, మధ్యలో దళసరిగా, చివరికి పోయేకొద్దీ పల్చగా, ఆయన కత్తి పోయిన దారినే నా కత్తి పోనిచ్చాను. నాలుగు విరిగాయి. ఐదోది వంచితే వంగింది, వదిలితే లేచింది. దాన్నే పటానికి కట్టాను.

మొన్న ఆదివారం పటాన్ని పడవలు కట్టే ఇనుప గుంజకు ఆనించి, దారం పట్టుకుని ముప్ఫై అడుగులు వెనక్కి నడిచాను. గాలి అందింది.

"నాన్నా, వదిలీ!" అన్నాను, అలవాటుగా.

పటం దానంతటదే లేచింది. పైన గాలి గుద్దింది. రెక్కలు వణికాయి, వాలాయి, మళ్లీ లేచాయి. పటం వదిలాక ఆయన చేతులు దులుపుకుంటూ నా దగ్గరికి నడిచొచ్చి దారం అడిగేవాడు. ఆ ముప్ఫై అడుగుల సిమెంటూ ఖాళీగా ఉంది. చీకటి పడేదాకా దారం నేనే పట్టుకున్నాను.