అవతలి మిషన్ తారీకు

ప్రోగ్రాం మన సర్వర్ మీద రాయాలా, చూసేవాళ్ల బ్రౌజర్‌లో రాయాలా అని ఎవరైనా వాదించుకుంటుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఆ వాదనలో ఒకప్పుడు నేనే గెలిచాను. గెలిచి ఏం ఊడబొడిచానో చెబుతాను.

రెండు వేల నాలుగో, ఐదో. మేడ్చల్‌లో ఎరువుల దుకాణం మీద మాదొక చిన్న ఆఫీసు. నేను, నాకు పని నేర్పిన మేడం, మూడు కంప్యూటర్లు, అంతే. మేడం రోజూ యాప్రాల్ నుంచి బస్సులు మారి వచ్చేది. ఆ ఎండాకాలం ఊరి బయటి నర్సింగ్ కాలేజీ ఒకటి మా దగ్గరికి వచ్చింది. ఆ ఏడు దరఖాస్తులు నెట్‌లోనే తీసుకుంటారట, కాగితం ముట్టుకోరట. వాళ్లకు ఫారం చేసిపెట్టాలి.

సర్వర్ మీద నడిచే ఫ్రేమ్‌వర్క్‌తో చేద్దామంది మేడం. నేను ఒప్పుకుంటేనా! బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ కొత్తగా నేర్చుకున్న రోజులు, కాళ్లు నేల మీద ఆనడం లేదు.

"డయలప్ లైన్లు మేడం! పిన్‌కోడ్ తప్పు గొట్టినా సర్వర్ దాక పోయి రావాల్నా? అంతల చాయ్ తాగొస్తరు. అన్ని బ్రౌజర్‌లనే చూస్కుందాం, జల్దీ అయితది," అన్నాను.

"పిన్‌కోడ్ చూస్కో, ఎవరొద్దన్నరు? తారీకు గూడ ఆడనే జూస్తవా? వాళ్ల మిషన్‌ల గడియారం నీ చేతుల ఉందా?" అంది మేడం.

ఆ తారీకు సంగతేమిటంటే, దరఖాస్తులు తీసుకునేది పదిహేను రోజులే. ఆ లోపలే ఫారం తెరుచుకోవాలి. ముందు వస్తే 'దరఖాస్తులు ఇంకా ప్రారంభం కాలేదు' అని, తర్వాత వస్తే 'గడువు ముగిసింది' అని తెర మీద కనబడాలి. ఈరోజు ఏ తారీకో నా స్క్రిప్టేమో ఫారం తెరిచినవాళ్ల కంప్యూటర్‌నే అడిగి తెలుసుకుంటుంది.

"తారీకు తెల్వని మిషన్ ఉంటదా మేడం? ఊకె పరేషాన్ అయితరు మీరు," అని కొట్టిపారేశాను. ఆమెకు విసుగొచ్చి, "నీ ఇష్టం పో," అంది. నా నోటికి తాళం వేసి ఉంటే ఎంత బాగుండేది!

మా అక్క కూతురు ఆ ఏడే ఇంటర్ అయిపోయి ఇంట్లో ఉంది. షామీర్‌పేట దగ్గర ఊరు వాళ్లది, మా బావ చెరువులో చేపలు పడతాడు. వాళ్ల నాయనమ్మ కాలు విరిగి పెద్దాసుపత్రిలో ఉన్నప్పుడు నర్సులను చూసిందట, అప్పటి నుంచి తనూ నర్సునవుతానని ఒకటే పట్టు. "గీ ఏడు సీటొస్తె సదువు, రాకుంటె పనికి పో," అని బావ తేల్చి చెప్పాడు. నేను వాళ్లింటి పక్క కిరాణా కొట్టుకు ఫోన్ చేసి ఆ పిల్లను పిలిపించి, "నేను జేసిన ఫారమే, షామీర్‌పేట నెట్ సెంటర్ల కూసొని నింపుకో," అని గొప్పగా చెప్పి పెట్టేశాను. మళ్లీ అడిగిన పాపాన పోలేదు.

గడువు దాటిన నాలుగో రోజు ఆ పిల్ల సర్టిఫికెట్లు కవర్లో పెట్టుకుని మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది.

"మామా, ఎప్పుడు షురూ జేస్తరు? మూడుసార్లు పోయిన. ఇంకా ప్రారంభం కాలేదనే వస్తాంది."

బండి మీద ఎక్కించుకుని షామీర్‌పేటకు పరిగెత్తాను. నెట్ సెంటర్లో అప్పుడే కరెంటు పోయి వచ్చింది. తెర మూలన తారీకు చూశాను. రెండు వేలు, జనవరి ఒకటి. ఇదేందని సెంటరాయన మీద అరిచాను.

"లోపల గడియారం సెల్ పోయింది సార్. కరెంటు పోయినప్పుడల్ల దీని తారీకు ఎనక్కి పోతది," అన్నాడు తాపీగా. "గోడకు క్యాలెండర్ ఉంది గద, గది జూడున్రి!"

ఆయన్నేమనాలి? అక్కడికొచ్చేవాళ్లకెవరికీ ఆ మూలన ఉన్న తారీకుతో పనే లేదు. పని పెట్టింది నేనే.

అట్నుంచి అటే కాలేజీకి పోయి గుమస్తాను బతిమాలాను. "గడువు అయిపోయిందని మీ ఫారమే చెప్తాంది గద సార్, మేమెట్ల తీస్కుంటం?" అన్నాడు. నేను పెట్టిన మాటే తిప్పి నాకే వినిపించాడు.

గేటు బయటికొచ్చాక నా కోపమంతా ఆ పిల్ల మీద చూపించాను, సిగ్గులేకుండా. "మూడుసార్లు పోయినదానివి ఒక్క ఫోన్ కొట్టొద్దా? నన్నడగొద్దా?"

ఆ పిల్ల కవర్ ఛాతీకి హత్తుకుని నిలబడింది.

"నువ్వు రాసిందే గద మామా," అంది. "మల్ల నిన్నేం అడగాలె?"

మరుసటి రోజు మేడం సంగతి విని కూర్చుని తారీకు చూసే పనిని సర్వర్ మీదికి మార్చింది. నాలుగే లైన్లు. నాలుగు తిట్టినా బాగుండేది.

జూన్‌లో బావ ఆ పిల్లను మేడ్చల్ మందుల కంపెనీలో పనికి పెట్టాడు. మాత్రల పట్టీల మీద తారీకు సరిగ్గా పడిందా లేదా అని చూసే పని.