కోచిలో తప్పిపోయి కొచ్చిలో దొరికిన మనిషి

2024 మార్చి నెలాఖరు, ఆదివారం సాయంత్రం. జపాన్ దక్షిణాన కోచి అనే ఊరి రేవులో, మా ఓడ గ్యాంగ్‌వే కింద నిలబడి ఉన్నాను. గ్యాంగ్‌వే అంటే ఓడకూ గట్టుకూ మధ్య వేసే మెట్ల వంతెన. దాన్ని లాగేయడానికి ఇద్దరు పనివాళ్లు సిద్ధంగా ఉండి ఆఫీసర్ సైగ కోసం చూస్తున్నారు. మా గుంపులో ఒకాయన ఇంకా ఓడెక్కలేదు. ఆయన పుంగనూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన టమాట రైతు రెడ్డెప్ప. భార్య రత్నమ్మ పైమెట్టు మీద నుంచి ఫోన్ ఊపుతూ కేకేసింది.

"సార్! దొరికినాడంట! మా తమ్ముడు జెప్తాండాడు. టమాట లారీలో ఉండాడంట!"

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆయన్ని మేం ఆఖరుసారి చూసింది ఆ ఊరి సంతలో టమాటాలమ్మే కొట్టు ముందే. అమ్మినవాళ్ల బండి ఎక్కి ఉంటాడు, దించడానికి వస్తున్నారు అనుకున్నాను. ఆఫీసర్‌కు ఆ మాటే చెప్పి, మెట్లెక్కి ఫోన్ అందుకున్నాను. అవతల రత్నమ్మ తమ్ముడు సీనప్ప. మదనపల్లె టమాట మార్కెట్‌లో మండీ నడుపుతాడు.

"ఎంతసేపట్లో వస్తాడు సీనప్పా?"

"యాడికి సార్?"

"ఓడ దగ్గరికి."

"ఇంక ఓడ కాడికి యాల సార్? తెల్లారేటప్పటికి మదనపల్లె మార్కెట్లో దించేస్తాడు మా డ్రైవరు. మీరేం దిగులు పడొద్దండి."

జపాన్ నుంచి మదనపల్లెకు తెల్లారేసరికి చేరే లారీ ఏదో నాకు అర్థం కాలేదు. ఆఫీసర్ నా మొహం చూస్తున్నాడు. నేను ఫోన్ మొహం చూస్తున్నాను.

కొంచెం వెనక్కి వెళ్లి చెప్పాలి. చాలా ఏళ్లు ఒక దినపత్రికకు మదనపల్లె విలేకరిగా పనిచేశాను. మానేశాక ఒక చిన్న ట్రావెల్స్ వాళ్ల దగ్గర టూర్ మేనేజర్‌గా చేరాను. యాత్రికుల గుంపు వెంట వెళ్లి, తీసుకెళ్లినవాళ్లను తీసుకెళ్లినట్టే తిరిగి తేవడం నా పని. కాశీ, రామేశ్వరంతో మొదలైనవాళ్లం, మావాళ్ల చేతిలో నాలుగు డబ్బులు ఆడాక జపాన్ దాకా పోయాం. అక్కడ చెర్రీ పూల కాలంలో ఓడ ప్రయాణాలు ఉంటాయి. పొద్దున ఒక రేవులో ఆగుతుంది, ఊరు చూసి రావాలి, సాయంత్రం బయల్దేరుతుంది. బయల్దేరడానికి అరగంట ముందు అందరూ లోపల ఉండాలి. ఆ గడువును 'ఆల్ అబోర్డ్' అంటారు. అది దాటితే ఎవరి కోసమూ ఓడ ఆగదు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ గీకే కార్డు ఒకటి ఇస్తారు కాబట్టి, ఎవరు రాలేదో కంప్యూటర్ చెప్పేస్తుంది.

రెడ్డెప్పకు ఈ ప్రయాణం ఇష్టం లేదు. పూల ఫొటోలు ఫోన్‌లో చూసి పట్టుబట్టింది రత్నమ్మే. మొదటి రోజు భోజనాల దగ్గర నా ఎదుటే వాదులాడుకున్నారు.

"పూలు సూసేదానికి ఇంత దూరమా? మన మామిడితోట పూతకొచ్చినప్పుడు ఎవురన్నా టికెట్టు పెట్నారా సార్?"

"నీ మామిడి పూత కింద నన్నెప్పుడన్నా కూసోబెట్నావా? మందు కొట్టేదానికి డ్రమ్ము మొయ్యమంటివి గాని!"

జపాన్‌వాళ్లు ఆ పూలను 'సకురా' అంటారని చెబితే, రెడ్డెప్ప చెవికి అది వేరేగా వినబడింది. "సాకురా, సాకురా అంటాండారే, ఎవుర్ని సాకమంటారు మనల్ని? ఉండేవాళ్లని సాకేదే కష్టంగా ఉండాది." ఆ మాటకు మా బల్ల దగ్గర అందరూ నవ్వారు.

కోచి రేవు నుంచి ఊళ్లోకి ఓడవాళ్ల షటిల్ బస్సులు తిరుగుతాయి. ఊరి మధ్య గుట్ట మీద పాత కోట, కోట చుట్టూ చెర్రీ చెట్లు. ఆకు కనబడకుండా పూసి ఉన్నాయి. చెట్ల కింద నీలం పట్టాలు పరుచుకుని కుటుంబాలు కుటుంబాలుగా కూర్చుని తింటున్నారు. రెడ్డెప్ప ఒక కొమ్మ వంచి చూసి వదిలేశాడు.

"పూత బాగుండాది. కాయ ఎప్పుడొస్తాది సార్?"

"వీటికి తినే కాయ రాదప్పా. పూలకోసమే."

"కాయ రాని చెట్టుకు ఇంత మందా!"

కోట గుమ్మం నుంచి మొదలయ్యే వీధిలో ఆదివారం సంత జరుగుతుంది. మన పలమనేరు సంతలాగే కూరగాయలు, నారు, కత్తులు, ఊరగాయలు, అన్నీ ఉంటాయి. ఒక ముసలావిడ చిన్న చిన్న సంచుల్లో టమాటాలు పెట్టుకుని కూర్చుంది. ఒకటి కోసి ఇచ్చింది. రెడ్డెప్ప నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు. "ఇది టమాటా కాదు సార్. ద్రాచ్చ." ఆ తర్వాత ఆయన కదల్లేదు. కాయను తిప్పి తిప్పి చూస్తాడు, తొడిమ వాసన చూస్తాడు, వేళ్లు చూపించి సాలుకూ సాలుకూ మధ్య ఎంత ఎడం అని తెలుగులో అడుగుతాడు. ఆవిడ జపాన్ భాషలో జవాబు చెబుతుంది. ఇద్దరికీ ఏం అర్థమవుతోందో తెలియదు గానీ ఇద్దరూ తలలూపుతున్నారు.

మేం కోట ఎక్కడానికి బయల్దేరితే, "నాకు మోకాళ్లు నొస్తాండాయి, నేనీడనే ఉంటా, మీరు పొయిరాండి" అన్నాడు. దిగి వచ్చేసరికి కొట్లు విప్పేస్తున్నారు. టమాటా కొట్టు ఉన్నచోట నీళ్లు చల్లి ఊడ్చి ఉంది. ముందు బస్సులో వెళ్లి ఉంటాడన్నారు కొందరు. టోపీ పెట్టుకున్న మనిషి బస్సెక్కడం చూశామన్నారు మరికొందరు. మా గుంపులో మగవాళ్లందరికీ ఒకే రంగు టోపీలు ఇచ్చాం కాబట్టి, ఆ మాట పట్టుకుని లాభం లేదు. రేవుకొచ్చి కార్డు లెక్క చూపించమంటే, ఆయన ఓడలో లేడు.

రత్నమ్మ భయం ఒకటే. "ఆయప్పకు షుగరు సార్. మద్యాన్నం మాత్ర ఏసుకోలా. మాత్రలు రూములో ఉండాయి, ఫోను నా సంచిలో ఉండాది. ఆకలికి యాడన్నా పడిపోతే ఎవురికి జెప్తాడు, ఏమని జెప్తాడు?"

మనిషి రాకపోతే పాటించే పద్ధతి ఒకటుంది. ఆఖరు నిమిషంలో ఆయన గదిలోంచి పాస్‌పోర్టు తీసి పోర్ట్ ఏజెంట్‌కు ఇస్తారు. పోర్ట్ ఏజెంట్ అంటే ఆ రేవులో ఓడ తరఫున పనులు చూసే మనిషి. కోచిలో ఆ పని చేసేది ఒక యువతి. ఇంగ్లిష్ నెమ్మదిగా మాట్లాడుతుంది. పోలీసులకు అప్పటికే ఫోన్ చేసింది. ఇంతలో రత్నమ్మ ఓడ వైఫై మీద తమ్ముడికి చెప్పుకుని ఏడ్చింది: "మీ బావ కోచిలో తప్పిపోయినాడురా, ఓడ ఎల్లిపోతాండాది."

సీనప్ప చెవికి అది కొచ్చి. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే రెండూ ఒకటే. మదనపల్లె టమాట మండీవాళ్లకు కేరళ కొచ్చి పక్కూరు లాంటిది. వారానికోసారైనా సరుకు పోతుంది. తర్వాత అడిగితే, ఆయన చెప్పిన లెక్కలో తప్పు పట్టలేకపోయాను. "ఓడలో పొయినోళ్లు ఓడలోనే గదా సార్ రావల్ల. తిరిగొస్తా కొచ్చిలో ఆగింటాదనుకున్యా." ఆ రోజు కొచ్చిలో సరుకు దించిన లారీ ఖాళీగా ఉంది. డ్రైవర్ బాషాకు ఫోన్ చేసి, హార్బర్ గేటు దగ్గరికి పోయి రెడ్డెప్ప అనే తెలుగాయన్ని వెతకమన్నాడు. కాసేపటికి, మనిషి దొరికాడని బాషా చెప్పాడు.

ఇదంతా గ్యాంగ్‌వే మీద ముక్కలు ముక్కలుగా అర్థమైంది. ఆఫీసర్‌కు దొరకలేదని మళ్లీ చెప్పాను. రత్నమ్మ గదికి పోయి పాస్‌పోర్టులూ మాత్రలూ తెచ్చుకుని దిగిపోయింది. "ఆయప్ప లేకుండా నేను ఓడలో కూసోని ఏం జేసేది సార్?" గుంపును తోటి టూర్ మేనేజర్‌కు అప్పగించి నేనూ దిగాను. మెట్లు లేచాయి. ఓడ కదులుతుంటే వీడ్కోలు చెప్పడానికి వచ్చిన ఆ ఊరి పిల్లలు డప్పులు వాయిస్తూనే ఉన్నారు. రత్నమ్మ ఓడ వైపు తిరిగి చూడలేదు. ఊరివైపు రోడ్డు చూస్తూ గట్టు మీద కూర్చుంది.

పొద్దు వాలుతుండగా పోలీసుల నుంచి ఏజెంట్‌కు ఫోన్ వచ్చింది. ఆ వెనకే చిన్న కూరగాయల బండి ఒకటి వచ్చి ఆగింది. ముందు సీట్లోంచి రెడ్డెప్ప దిగాడు. పంచె మోకాళ్ల పైకి మడిచి ఉంది. రెండు మోకాళ్లకూ తెల్లటి పట్టీలు అంటించి ఉన్నాయి. చేతిలో టమాటా సంచి.

రత్నమ్మ లేచింది. "యాడికి పొయినావు?"

"టమాటా తోట సూపిచ్చింది ఈయమ్మ. ఓడ కాడ దించమంటే ఇంటికి తీస్కపొయ్యి కాళ్లకు మందేసింది."

"నిన్నేమన్నా పెండ్లికి పిలిచిరా, తీరుబడిగా పోను!" అని మాత్రలు చేతిలో పెట్టింది. ఆయన మింగేదాకా చూస్తూ నిలబడింది. మింగాక కూర్చుని ఏడ్చింది.

చిక్కు విడదీసింది ఏజెంట్. రెడ్డెప్ప ఆ ముసలావిడకు బండిలోకి గంపలెత్తి సాయం చేశాడు. చెయ్యెత్తి రమ్మంటే ఎక్కాడు. షెడ్లలో టమాటా తోట చూశాక పొద్దెంతయిందో గుర్తొచ్చి, "షిప్పు, షిప్పు" అని కాళ్లు కొట్టుకుంటూ కుంటుతూ బండివైపు నడిచాడు. జపాన్ భాషలో 'షిప్పు' అంటే నొప్పులకు అంటించే మందుపట్టీ. ఓడకు వాళ్ల మాట వేరు. ఆయన ఎంత గట్టిగా అరిస్తే ఆవిడ అన్ని పట్టీలు అంటించింది. ఆయన జేబులో ఓడ కార్డు చూసినప్పుడు గాని ఆవిడకు అర్థం కాలేదు. వెంటనే పోలీసుల దగ్గరికి తీసుకెళ్లింది. ఇప్పుడు మా ముందు నడుం వంచి వంచి క్షమాపణ చెబుతోంది. ఆవిడను ఆపడానికి రెడ్డెప్ప కూడా వంగబోయి, మోకాళ్లు పట్టేసి, "అమ్మా, వద్దమ్మా, నొప్పి తగ్గిండాది" అంటున్నాడు.

అప్పుడు రత్నమ్మ తమ్ముడికి ఫోన్ చేసింది. "ఒరే, మీ బావ ఈడనే ఉండాడు. నా పక్కనే."

అవతల సీనప్ప గొంతు వినబడింది.

"మరి లారీలో ఉండేదెవురక్కా?"

బాషా ఫోన్ అందడం లేదు. అందేసరికి లారీ సేలం చేరింది. ఆ డ్రైవర్ చెప్పింది తర్వాత నేను నేరుగా ఆయన నోటే విన్నాను.

"గేటు కాడ గోడ మీద పంచె కట్టుకోని కూసోనుండాడు సార్. రెడ్డెప్పనా అంటే ఊఁ అన్యాడు. ఓడ పోయిందా అంటే, పాయ అన్యాడు. ఊరికి పోదామా అంటే, సంచి తీసుకోని ముందే లేసినాడు. ఇంకేం అడగాల నేను? సీనప్పన్న ఫోన్ జేసి ఈయప్ప కాదంట అన్యాడు. ఆయప్ప నిద్దరపోతాండాడు. లేపి, నువ్వు నువ్వు కాదంటప్పా అని ఎట్ల జెప్పేది?"

కుప్పం దగ్గర పడుతుండగా, తెలవారే వేళకు చెప్పాడట. నిన్ను వేరే మనిషి అనుకుని ఎక్కించుకున్నాం అని. ఆ పెద్దాయన కోపం తెచ్చుకోలేదు. "పేరైతే అదే గదప్పా" అన్నాడట. ఏ ఓడలో వచ్చావంటే "పెద్దోడ" అన్నాడు. ఎప్పుడు దిగావంటే "శానా దినాలాయ" అన్నాడు. ఏ ఊరంటే "ఈ పక్కే". రోడ్డు పక్కన తెలుగు బోర్డులు రాగానే ఒక్కొక్కటీ పైకి చదివాడు. ఎరువుల కొట్టు, ఫోటో స్టూడియో, పశువుల దాణా. కుప్పంలో దించమన్నాడు, దిగాడు, వెళ్లిపోయాడు.

మేం మర్నాడు రైళ్లు మారి తర్వాతి రేవులో ఓడ అందుకున్నాం. దారి పొడవునా చెర్రీలు పూసి ఉన్నాయి. రత్నమ్మ కిటికీలోంచి చూస్తూ, "ఆయప్ప ఇంట్లోవాళ్లు యాడ ఎతుకుతాండారో సార్" అంది. అంతకు ముందు రోజు అలా వెతికింది ఆమే.

తిరిగొచ్చాక ఆ మనిషి ఆచూకీ కోసం కుప్పం వెళ్లాను. విలేకరిగా ఉన్నప్పుడు, మనిషి దొరికాడన్న వార్త వస్తే 'ఎవరు చూశారు, ఎలా గుర్తుపట్టారు' అని అడిగి గాని రాసేవాణ్ణి కాదు. రేవులో ఆ రెండూ అడిగే తీరిక లేకపోయింది. ఈ పనిలోనూ ఆ అలవాటు వదులుకోకూడదని ఈ సంగతి నేర్పింది. ఇప్పుడు మా యాత్రికులు ఇంట్లో ఇచ్చి వచ్చే ప్రయాణం కాగితంలో ప్రతి రేవు పేరు పక్కనా దేశం పేరు కూడా తెలుగులో రాయిస్తున్నాను. మోకాళ్ల నొప్పులవాళ్లకు ఓడను జపాన్ మాటలో ఏమంటారో ముందే నేర్పిస్తున్నాను.

బస్టాండు దగ్గర ఒక టీ కొట్టాయన, అలాంటి పెద్దాయన ఒకరు బైరెడ్డిపల్లె బస్సు ఎప్పుడని అడిగినట్టు గుర్తుందన్నాడు. పాత మిత్రుడి చేత స్థానిక పేజీలో చిన్న వార్త వేయించాను. ఎవరూ రాలేదు. కొచ్చిలో సీనప్పకు తెలిసినవాళ్లు హార్బర్ దగ్గర విచారిస్తే, ఆ గోడ మీద చాలామంది కూర్చుంటారన్నారు. మా రెడ్డెప్ప ఊరుకోలేదు. "నా పేరు మీద, నాకోసరం పంపిన లారీలో వచ్చినోడు, ఇంటికి చేరినాడో లేదో నేను తెలుసుకోవల్ల" అని బైరెడ్డిపల్లె చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగాడు. రెడ్డెప్పలు చాలామంది దొరికారు. వాళ్లలో సముద్రం చూసినవాడు ఒక్కడూ లేడు.

ఆ పెద్దాయన బైరెడ్డిపల్లె బస్సు ఎక్కాడో లేదో తెలియదు. ఆయన పేరు నిజంగా రెడ్డెప్పేనా, బాషా అడిగాడని ఊఁ అన్నాడా అన్నది కూడా ఇప్పటికీ తేలలేదు.