ఆదివారాల్లో చేసిన సర్వే

బెంగళూరులో విపత్తుల నిర్వహణ మీద ఎమ్మెస్సీ చదువుతున్నప్పుడు, రెండో ఏడాది ప్రాజెక్టుకు మా ఊరినే ఎంచుకున్నాను. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో గనులు మూతపడి అప్పటికే చాలా ఏళ్ళయింది. ఆండర్సన్‌పేట దగ్గర కార్మికులకని ఎప్పుడో కట్టిన లైను ఇళ్ళు మాత్రం మిగిలాయి. రేకుల కప్పు, మట్టి గోడలు, ఒకదాన్నొకటి ఆనుకున్న ఇళ్ళు. పెద్ద వానకు ఆ గోడలు నానితే లోపలి మనుషుల్ని ఎవరు బయటికి తేవాలి? అదీ నా అంశం.

మా నాన్న గని ఆఫీసులో గుమాస్తాగా చేశాడు. ఆయన స్నేహితుడొకాయన ఆ లైన్లోనే ఉండేవాడు. నేను ఆయన్ను మామా అని, ఆయన భార్యను అత్తా అని పిలిచేదాన్ని. మామ, గనిలో ప్రమాదం జరిగితే లోపలికి దిగే రెస్క్యూ జట్టులో పనిచేసిన మనిషి. రాతి దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్ని తినేసింది. మంచం మీంచి వాకిలి దాకా రావడానికి మధ్యలో ఒకసారి గోడ పట్టుకుని నిలబడేవాడు.

"ఇదంతా పుస్తకాల్లో రాసుండాదామ్మా? మేము దిగి నేర్చుకున్న్యాము" అన్నాడు. కాసేపు ఊపిరి కూడదీసుకుని, "లోపల ఎంతమంది ఉండారో, యాడ ఉండారో తెలిసినాకనే కాలు పెట్టల్ల" అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఇంటింటికీ తిరిగాను. నడవలేనివాళ్ళు ఎవరు, వాళ్ళను మోసుకొచ్చేది ఎవరు అని అడిగి రాసుకున్నాను. మిగతా రోజులు నాకు క్లాసులు కాబట్టి ఆదివారాలే తిరిగాను. ప్రతి ఇంట్లోనూ మనుషులు కనబడ్డారు, కాఫీ ఇచ్చారు.

"నన్ను మోసేది ఎవురని రాసినావు?" అని అడిగాడు మామ.

"మీ అబ్బాయే, మామా."

పక్కనే ఉన్న కొడుకు నవ్వాడు. "ఇంగ నేను కాకుంటే ఎవురు మోస్తారక్కా? నలభై కేజీలు గూడా లేడు మా నాయన."

మామ కూడా నవ్వాడు. నవ్వితే దగ్గు తగులుకుంది, చాలాసేపు వదల్లేదు.

రిపోర్టు చూసి మా సార్ మెచ్చుకున్నారు.

ఆ నవంబరులో మూడు రోజులు ముసురు పట్టింది. గురువారం పగలు పదకొండు గంటలప్పుడు మామ ఇంటి వెనక గోడ మంచం మీదికి ఒరిగి, ఆయన కాళ్ళు ఇరుక్కున్నాయి. లైన్లో వయసులో ఉన్నవాళ్ళందరూ తెల్లవారుజాము రైలుకే బెంగళూరుకూ మాలూరుకూ పనికి వెళ్ళిపోయారు. అత్త అరుచుకుంటూ బయటికి పరుగెత్తింది. వచ్చింది ఎవరు? కర్ర పట్టుకున్న ఒక ముసలాయన, చంటిబిడ్డను చంకనేసుకున్న ఒక తల్లి. ఇద్దరూ మంచం లాగబోయారు, కదల్లేదు. అంతలో రేకులు కూలాయి. రోడ్డు మీది ఆటోవాళ్ళు వచ్చి రేకులెత్తేసరికి మామ ప్రాణం పోయింది.

అమ్మ ఫోన్ చేస్తే సాయంత్రానికి చేరుకున్నాను. కొడుకు ఫ్యాక్టరీ యూనిఫాంలోనే ఎదురింటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"నా పేరు రాసినావు కదక్కా" అన్నాడు. "నేను మాలూర్లో మిషను ముందర నిలబడుండాను."

"పగలు యాడుంటావని నేను అడగలేదప్పా" అన్నాను.

పదకొండో రోజు అయిపోయాక ఒక మంగళవారం సెలవు పెట్టి మళ్ళీ లైనుకు వెళ్ళాను. చాలా తలుపులకు తాళాలు. తాళం లేనిచోట ముసలివాళ్ళే. పక్కింట్లో తలదాచుకుంటున్న అత్త నన్ను చూసి లేచి వచ్చింది. "పగలు ఎవురెవురుంటారో నాకు తెలుసు, రా" అంటూ గడప గడపకూ నడిపించింది. నా ముందు నడుస్తూ ఒక్కసారి కూడా తన ఇంటి వైపు చూడలేదు.

ప్రాజెక్టు మొత్తం తిరగరాశాను. గోడ కూలాక పరుగెత్తడం కాదు, ముసురు మొదలవగానే నడవలేనివాళ్ళను గట్టి గోడలున్న బడికి చేర్చాలని రాశాను. మరుసటి ఏడు వానలకు కొడుకులే పనికి వెళ్ళేముందు ఆరుగురిని బడిలో దింపి వెళ్ళారు. ఆ ఏడు ఏ గోడా పడలేదు.

అత్త కూడా వచ్చింది, వాళ్ళకు చాపలు పరవడానికి. ఒక చాప పరిచి, దాని మీదే కూర్చుండిపోయింది.

"నిరుడు మనకిది తోచలేదు కదమ్మా" అంది.

'నీకు' అనలేదు, 'మనకు' అంది. నాకు ఏడుపు ఆగలేదు.