మెషీన్ షాపులో స్టాపర్ బ్యాక్

ఈ మధ్య పెళ్ళిళ్ళలోనూ సభల్లోనూ వేస్తున్న ప్లాస్టిక్ కుర్చీల సంగతి ఎవరైనా పట్టించుకుంటే బాగుండును. చూడ్డానికి నాలుగు కాళ్ళూ ఉంటాయి గానీ, ఆ నాలుగింటికీ ఒకదానితో ఒకదానికి పొసగదు. మొన్న గోవింద్‌పూర్‌లో పిల్లల ఫుట్‌బాల్ పోటీకి ముఖ్య అతిథిగా పిలిచి నన్ను అలాంటి దాంట్లోనే కూర్చోబెట్టారు. ఆట జరిగినంతసేపూ బంతిని వదిలేసి కుర్చీ వెనక కాలినే కనిపెట్టుకుని ఉన్నాను. అటూ ఇటూ ఇంకా కుర్చీలున్నాయి గానీ వాటిలో ఎవరూ కూర్చోలేదు; ముఖ్య అతిథి పక్కన కూర్చోవడమంటే మనవాళ్ళకి మొహమాటం. అలా వరసంతటికీ నేనొక్కణ్ణే అయి కూర్చున్నప్పుడు, ఇంతకంటే గట్టిది, కర్రతో చేసిన ఇంకో కుర్చీ గుర్తుకొచ్చింది.

మావాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి ఇనప పనికి జంషెడ్‌పూర్ వచ్చి, అక్కడ సీతారాండేరా పేటలో కుదురుకున్నవాళ్ళు. అక్కడి మైదానంలో నేను స్టాపర్ బ్యాక్‌ని, అంటే గోలు కాసే గోలీకి ముందు నిలబడే ఆఖరి మనిషిని. నా వెనక గోలీ మా మేనమామ కొడుకు, నాకు బావ. చేతులకంటే వాడికి నోరు బాగా పనిచేసేది. “ఎడంపక్క సూడు బావా, ఎర్ర సొక్కావోడు వత్తన్నాడు, నిద్దరోతన్నావేటి” అని ఆటంతా వెనకనుంచి తిడుతూనే ఉండేవాడు. వీపుకి కళ్ళు లేకపోయినా బావ ఉన్నాడన్న ధీమాతోనే నేను ఆట నేర్చుకున్నాను.

డెబ్బైల మొదట్లో నేను బి.ఏ. గట్టెక్కగానే కంపెనీవారు ఆటగాడిగా తీసుకున్నారు. బావ అప్రెంటిసుగా చేరి, లేత్ మీద ఇనుము చెక్కే టర్నర్ అయ్యాడు. కాగితం మీద నా ఉద్యోగం కూడా బావ పనిచేసే మెషీన్ షాపులోనే; మనిషిని మాత్రం గ్రౌండులోనో రైల్లోనో ఉండేవాణ్ణి. రాష్ట్ర జట్టు, ఆ తర్వాత దేశపు జట్టు, కొన్నేళ్ళకి దానికి కేప్టెన్సీ కూడా వచ్చాయి. ఈ మధ్యలో షాపులో నాకు ప్రమోషన్లూ వచ్చాయి. ఏ పనిలో మెరుగయ్యానని ఇచ్చారో నేనడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

డిఫెండరు బతుకు గురించి మీలో ఆడినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మనవాళ్ళు గోలు కొడితే అందరూ ఆ చివర ఒకరి మీద ఒకరు పడి కావలించుకుంటారు. మనం ఈ చివర్నుంచి పరిగెత్తి చేరేలోపు వాళ్ళు జుట్టు సర్దుకుని తిరిగొచ్చేస్తూ ఉంటారు. అందుకని నేను సగం గీత దగ్గరే నిలబడి చప్పట్లు కొట్టేవాణ్ణి. పేపర్లో నా పేరు కనిపించిందంటే మనకి గోలు పడిందన్నమాట. కేప్టెన్ అయ్యాక హోటల్లో నాకు విడిగా గది ఇచ్చారు, భోజనాల బల్ల దగ్గర నేను రాగానే కుర్రాళ్ళ నవ్వులు తగ్గేవి. వెనక నిలబడ్డ గోలీలు బెంగాలీలోనో మలయాళంలోనో అరిచేవారు. మంచివాళ్ళే, గోలు పడకుండా ఆపేవాళ్ళే, కానీ నన్ను తిట్టేవాళ్ళు కారు.

ఎనభైలు సగం గడిచేసరికి మోకాలు రాజీనామా చేసింది. షాపుకి తిరిగి వెళ్ళాను. నా ఈడువాళ్ళందరూ చేయి తిరిగిన పనివాళ్ళు; నాకు స్పానరు ఏ చివర పట్టుకోవాలో తెలియదు. వాళ్ళు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. ఫోర్‌మన్ గది బయట ఫ్యాను కింద ఒక టేకు కుర్చీ వేసి “బైఠియే కేప్టెన్ సాబ్” అన్నారు. మధ్యాహ్నం డబ్బాలు విప్పితే ముందు నాకే వడ్డించేవారు, చుట్టానికి వడ్డించినట్టు. బావ కూడా వాళ్ళలాగే, నలుగురిలో కేప్టెన్ అనేవాడు. దేశమంతా తిరిగి ఇంటికొచ్చి, ఇంట్లో అతిథిగా ఉండడమంటే ఏమిటో ఆ కుర్చీ చెప్పింది.

కొన్నాళ్ళకి సిగ్గు విడిచి బావ దగ్గరికే వెళ్ళి, ఏదైనా పని చెప్పమన్నాను. “నీకేటి కరమ, ఆరామ్‌గా కూకో” అన్నాడు. నేను కదలకపోతే ఒక బ్రష్షు చేతికిచ్చాడు. ఆ రోజునుంచీ వాడి లేత్ మెషీను మీద రాలిన ఇనప తునకలు ఊడ్చేవాణ్ణి. ఒకసారి అడ్డం నిలబడ్డానని “తప్పుకోవోయ్, గుడ్డోడా” అని కసిరాడు. ఆ పూట నాకు డబ్బాలో కూర ఎంత రుచిగా ఉందో చెప్పలేను. ఇంకొన్నాళ్ళు పోతే వాళ్ళలో ఒకణ్ణి అయిపోతానని ఆశ పుట్టింది.

అంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. జంషెడ్‌పూర్‌లో ఆ రోజు గేట్లు తెరిచి పెళ్ళాం బిడ్డల్ని లోపలికి రానిస్తారు. ఎవడి మెషీను వాడే కడిగి, బొట్టు పెట్టి, దండ వేస్తాడు. పక్కవాడు వేలు పెట్టడు. ఇది ఎక్కడా రాసి ఉండదు, షాపులో పెరిగినవాడికి చెప్పనక్కర్లేదు. ఏటా ఆ రోజుల్లో నేను కలకత్తాలో లీగు ఆడుతూ ఉండేవాణ్ణి గనక నాకెవరూ చెప్పలేదు.

పొద్దున్నే వెళ్ళేసరికి మెషీన్లన్నీ పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి, బావది ఒక్కటే నిన్నటి జిడ్డుతో ఉంది. వాళ్ళమ్మని, అంటే మా ముసలి అత్తని, గేటు దగ్గర జనంలోంచి నడిపించుకొచ్చేసరికి వాడికి ఆలస్యమైందట. నాకు తెలిసిన విద్య ఒకటే: పక్కవాడు రాలేని చోట ఖాళీ కనిపిస్తే, అడక్కుండా వెళ్ళి నిలబడడం. కిరసనాయిలు గుడ్డతో లేత్ అంతా తుడిచాను, బొట్లు పెట్టాను, నేను తెచ్చుకున్న బంతిపూల దండ చక్కగా వేశాను. చుట్టూ ఉన్నవాళ్ళు ఏమీ అనలేదు, అతిథిని ఎవరు కాదంటారు?

బావ పెళ్ళాం పిల్లలతో, అత్తతో వచ్చాడు. చేతిలో తడిగుడ్డ చుట్టిన మందారాల దండ ఉంది. మెషీను చూశాడు, నన్ను చూశాడు. “పర్లేదు కేప్టెన్ సాబ్” అన్నాడు.

ఇప్పుడా షాపులో కంప్యూటరు చెప్పినట్టు కోసే మెషీన్లు వచ్చాయట. ఏ షిఫ్టులో ఎవరు మీట నొక్కితే ఆ పూటకి వాళ్ళది. పూజనాడు కంట్రాక్టరు మనిషి వచ్చి అన్నిటికీ ఒకే రకం దండలు వేసి పోతాడట. ఎవరికీ కోపం రాదు, ఎవరికీ సంబరమూ లేదు. “నా మెషీను” అని పిల్లల్ని ఎత్తుకుని చూపించిన మనుషులు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, బావ కూడా. నాలాంటివాడు ఇప్పుడు అక్కడ పొరపాటు చేద్దామన్నా చోటు లేదు.

ఆ రోజు మాత్రం నేను ఏదో హాస్యమాడి సర్దేద్దామని నోరు తెరిచాను. బావ పెళ్ళాం పిల్లల్ని వెనక్కి లాక్కుంది. అత్త కొడుకు చేతిలో ఉన్న మందారాల దండ తీసుకుని, నా ముందుకొచ్చి నిలబడింది.

“నీకు ఊరూరా దండలేసినారు గదరా అల్లుడా. మావోడికి ఏడాదికొక పూట, ఈ మిసనుకి ఆడు ఏసుకునే దండొక్కటే. అదీ నీకే కావాలేటి?”