పిట్టలగుంపుకు పెద్ద

పెనుకొండ మంజుల హిందూపురంలో కంప్యూటర్ కోర్సు చేసి, తొంభై తొమ్మిదిలో ధర్మవరం అశ్వత్థప్ప పట్టుచీరల కొట్టులో డిజైనర్‌గా చేరింది. డిజైనర్ అనేది పేరుకే. చేసేదంతా పాత హంసలకు నకళ్ళు తీయడం. స్క్రీను మీద ఒక హంసను గీసి, కొంగు నిండా దాన్నే అతికించాలి. ఏడాది తిరిగేసరికి ఆమెకు హంసను చూస్తేనే ఒళ్ళు మండేది.

ఆ మంటలోనే, తీరిక దొరికినప్పుడల్లా ఒక ప్రోగ్రాం రాసుకుంది. కోర్సు పుస్తకం చివర్లో పిట్టలగుంపు గురించి పేజీన్నర ఉంది. ప్రతి పిట్టకూ మూడే మాటలు చెప్పాలట: పక్కదాన్ని గుద్దుకోకు, పక్కవి ఎటు పోతే అటు పో, మరీ దూరం పోకు. తక్కినది అవే చూసుకుంటాయట. మొదట తలా ఒక దిక్కు పోయాయి. సవరిస్తే అన్నీ ఒక్కచోట ముద్దయ్యాయి. ఆమెను బాగా సతాయించి, చివరికి ఒక మధ్యాహ్నం గుంపు గుంపంతా ఒంపు తిరిగింది, అచ్చం జొన్నచేను మీద నిజం పిట్టలు తిరిగినట్టు. మంజులకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఇంట్లో చెబితే, సేద్యం చేసే నాయన రంగప్ప, "పిట్టల్ని తోలేది నేర్పలేదామ్మా ఆడ?" అన్నాడు.

ఆ ఒంపును ఒక్క చీర కొంగు మీదైనా చూసుకోవాలని ఆమెకు పిచ్చి పట్టుకుంది. అశ్వత్థప్పకు చూపించింది. కొట్టులో వెనక గద్దె మీద కూర్చుని అందరి మీదా ఒక కన్నేసి ఉంచే మనిషి ఆయన. చాలాసేపు చూశాడు.

"వీటికి పెద్ద యాది?"

"పెద్ద లేదు సార్."

"లేకుంటే ఎట్ల పోతాండాయి?"

"ఒకదాన్ని చూసి ఒకటి పోతాండాయి సార్."

"అట్ల యాడన్నా జరుగుతుందా? ఈడ నేనొక పూట లేకుంటే టీ కూడా రాదు. ఎర్ర పట్టుతో ఒక పెద్దను పెట్టు, ఒక చీర నేయిద్దాం. అది అమ్ముడుపోకుంటే మళ్ళా హంసలే, చెప్తాండా."

మంజుల నిజంగానే పెట్టింది. ఒక పిట్ట వెనకాలే తక్కినవన్నీ పోవాలని రాసింది. గుంపు కాస్తా రేషన్ షాపు ముందు క్యూ అయింది. చూడలేక కొత్తగా రాసింది చెరిపేసి, మొదటి గుంపునే నడిపించి ఒకచోట ఆపి, అందులో ఏదో ఒక పిట్టకు ఎర్రరంగు పూసి ఊరుకుంది. అధికారమేమీ ఇవ్వలేదు.

"పెద్దది వెనకుండాదేమ్మా?" అన్నాడు అశ్వత్థప్ప.

"పెద్దోళ్ళు వెనక కూర్చునే కదా సార్ అందర్నీ చూసుకునేది."

ఆయన తన గద్దె వైపు చూసుకుని సరేనన్నాడు. ఆ రోజు నుంచి అది "మన పిట్ట" అయింది.

డిజైను ప్రకారం చిల్లులు గుచ్చి మగ్గానికి కట్టే అట్టలు మామూలు కంటే ఎక్కువ పట్టాయని గొణుక్కుంటూనే, కొట్టుకు నేసిచ్చే ఓబుళప్ప చీర నేశాడు. అది కొట్టులో వేలాడినన్నాళ్ళూ, ఎవరు లోపలికొచ్చినా మంజుల తలెత్తి చూసేది. చాలామంది హంసలే కావాలన్నారు. ఒకరోజు కదిరి నుంచి రమాదేవి అనే టీచరమ్మ వచ్చి కొంగు పరిపించుకుని చూసింది.

"బాగుండాది. ఈ ఎర్రది లేకుండా ఇట్లాంటివే రెండు నేసిస్తారా అన్నా? మా చెల్లెలి పెండ్లికి."

అశ్వత్థప్ప గొంతు సవరించుకున్నాడు. "అది గుంపుకు పెద్దమ్మా. అది లేకుంటే మిగతావి యాడికని పోతాయి?"

"అవి దాని దిక్కు చూసేదే లేదు కదన్నా. వాటి పాటికి అవి పోతాండాయి."

ఆయనకు వచ్చిన బేరాన్ని పోగొట్టుకునే అలవాటు లేదు. "తీసెయ్ మంజులా" అన్నాడు.

మంజుల ఎర్రరంగు తీసేసింది. ఒంపు ఒంపుగానే ఉంది, తను మొదట రాసుకున్నట్టే. సంతోషం పట్టలేక ప్రోగ్రాంను మళ్ళీ నడిపించింది. పిట్టలు కదిలాయి. అశ్వత్థప్ప గద్దె దిగొచ్చి ఆమె వెనక నిలబడి, వాటిని అట్లే చూస్తూ ఉండిపోయాడు.

"మన పిట్ట యాడుండాదమ్మా?"

మంజులకు ఉన్నట్టుండి ఆయన మీద జాలేసింది. తిరుగుతున్న వాటిలో ఒకదాన్ని వేలితో చూపించింది. అది అవునో కాదో ఆమెకూ తెలియదు.