ముందద్దానికి పువ్వుల పరదా

“ఆ పరదా తీసీ మావా.”

“ఏల తియ్యాల? దానివల్ల బండి సల్లగుంటంది.”

“అరకులో ఎండేటి? మనుసులు సలికి వణుకుతుంటే నీ బండికి ఉక్కపోసీసిందా?”

“మిట్టమద్దేనం వొచ్చి ఓపాలి ఆ స్టీరింగు ముట్టుకో, తెలుస్తాది.”

“నాకు తెలవాల్సింది తెలిసింది. అది కుట్టినమ్మి నిన్ను బావా అంటాది. ఆ పిలుపు సల్లగుంది నీకు, బండి కాదు.”

ఆయన టైరుకు గాలి కొడుతూ తలెత్తకుండానే, “ఒలే, గుడ్డముక్కతో తగువేటే” అన్నాడు.

నాకు తగువు గుడ్డముక్కతో కాదు.

ఆయన నా పెనిమిటి. మా అమ్మకు ఆఖరి తమ్ముడు. అందుకే పెళ్ళికి ముందూ తర్వాతా నాకు మావే. అరకులో కార్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉన్న రోజుల్లో ఒక పాత నల్ల కారు నడిపేవాడు. కిరండూలు రైలు దిగినవాళ్ళను గుహలకు తీసుకెళ్ళి, సాయంత్రానికి మళ్ళీ స్టేషనుకు చేర్చడం ఆయన పని. రైలు వచ్చేదాకా, వచ్చాక బేరం తగిలేదాకా, కారు స్టేషను ముందు ఎండలో నిలబడేది. అక్కడున్న కాస్త నీడా జీపులవాళ్ళు ముందే ఆక్రమించేవారు.

ఆ పక్కనే రైల్వే క్వార్టర్లలో ఒక పిల్ల ఉండేది. కొత్తవలస వైపు మనిషి, పట్టాల పని చేసే కళాసీ పెళ్ళాం. కాపురానికి వస్తూ కుట్టుమిషను తెచ్చుకుంది. వచ్చిన కొత్తలోనే నన్ను ‘అప్పా’ అంది. మా వైపు అప్ప అంటే అక్క. అక్క మొగుడు బావ కదా, ఆ వరస పట్టుకుని ఆయన్ను ‘బావా’ అనడం మొదలెట్టింది. బావ అయ్యాక వేళాకోళం ఆడొచ్చు, కాదనడానికి ఎవరికీ నోరుండదు. అదే నన్ను ‘వదినా’ అని ఉంటే ఆయన అన్న అయ్యేవాడు. అన్నతో ఎవరూ పరాచికాలాడరు. ఆ గుంట కావాలనే అప్ప అందని అప్పుడు నా అనుమానం. ఇప్పటికీ అదే అనుమానం.

ఇలా ఉండగా ఒకనాడు కారు ముందద్దానికి లోపలివైపు పరదా వేలాడింది. పచ్చగుడ్డ మీద ఎర్రపువ్వులు, పై అంచు మడిచి కుట్టి అందులోంచి తీగ దూర్చింది. “సీటు కాల్తందన్నావు కదా బావా” అని ఇచ్చిందట. ఆయనే చెప్పాడు నాతో, గొప్పగా. సీటు కాలుతోందని ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. ఆమెతో అన్నాడు. నా తగువు పరదా కట్టినందుకు కాదు, ఆ కష్టం నాకు చెప్పకుండా ఆమెకు చెప్పుకున్నందుకు.

“నీ పరదా ఉత్తదని తేలితే తీసేత్తావా?” అన్నాను.

“తీసేత్తాను. కాదని తేలితే?”

“నోరెత్తను.”

మా ఇంట్లో పొద్దున పూట కొబ్బరినూనె ఎప్పుడూ గడ్డకట్టే ఉంటుంది. ఆ సీసా పట్టుకెళ్ళి, అద్దమంతా కప్పేలా పరదా లాగి, సీసాను సీటు మీద పెట్టి తలుపు వేశాను. కాసేపటికి వచ్చి చూస్తే నూనె నీళ్ళలా ఉంది.

“సూడు, కరిగిపోనాది. ఏదీ నీ సల్లదనం?”

“అది నీ సంకలో ఎట్టుకున్నా కరుగుద్ది. కొబ్బరినూనితో ఎండని కొలుత్తారేటే?”

జీపు డ్రైవర్లు పకపకా నవ్వారు. నేను మళ్ళీ ఇంటికి వెళ్ళాను. వలిసె గింజల బస్తాలు కుట్టే దారానికి రాయడానికి నా దగ్గర తేనెమైనం ఉండేది, కొండవాళ్ళు సంతకు తెస్తారు. దాన్ని రెండు ఉండలు చేసి, రెండింటి మీదా బొటనవేలితో నొక్కాను. అద్దం కింద గట్టులా ఉన్నచోట అటొకటి, ఇటొకటి పెట్టాను. పరదా సగానికే లాగాను. ఆయన కూర్చునే వైపు నీడ, పక్కవైపు ఎండ. తలుపులు వేసి, ఎవరూ ముట్టుకోకుండా అక్కడే కాపలా కూర్చున్నాను. అరకు ఎండ చిత్రమైనది. నీడలో ఉంటే కొంగు కప్పుకోవాలి, ఒక్క అడుగు ఇటు జరిగితే నెత్తి మాడుతుంది.

నీళ్ళకు పోతూ ఆమె ఆగింది. “అప్పా, ఏటలా కాపలా కాసీసుకొని కూకున్నావు? బావ బండి ఎవులైనా ఎత్తుకుపోతారేటి?”

“ఎత్తుకుపోయేవోలు ఉన్నారనే కూకున్నాను.”

నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. అర్థమైందో లేదో.

ఎండ నడినెత్తి దాటాక ఆయన వచ్చి తలుపు తీశాడు. సెగ ఇద్దరి మొహాలకూ ఒకేలా కొట్టింది. నా ప్రాణం లేచొచ్చింది. కానీ ఎండవైపు ఉండ చతికిలబడి రొట్టెలా అయింది. పరదావైపు ఉండ మీద నా వేలి గుర్తు నొక్కింది నొక్కినట్టే ఉంది. స్టీరింగు పట్టుకుని చూశాను. గోరువెచ్చగా ఉంది. పక్క సీటు మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాను.

“లోపల సెగ ఉంది మరి,” అన్నాను.

“సెగ ఉంటాది. అద్దం ఏలెడు దించితే పోతాది. కూకోడానికి సీటు, పట్టుకోడానికి స్టీరింగు కాలకపోతే నాకు సాలు.”

“కాల్తందని నాకేల సెప్పనేదు?”

“నీకు సెబితే, అరకులో ఎండేటంటావు. అన్నావు కదా.”

నోరెత్తనన్నాను కాబట్టి ఎత్తలేదు. కానీ నా చదువు మూడో తరగతితో ఆగినా, ఎదటివాడి గెలుపు ఎంతమేరో చూసుకోవడం నాకు తెలుసు. నీడ పనిచేస్తుందని మైనం తేల్చింది. ఆమె కుట్టిన నీడే పనిచేస్తుందని తేల్చలేదు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టకముందే ఒక గోనెసంచి విప్పి, దాని మీద ఆయన చిరిగిన పంచె పరిచి, దబ్బనంతో నాలుగు వైపులా కుట్టాను. మిషను నాకు రాదు, దబ్బనం వచ్చు. ఎండనైనా మనిషినైనా లోపలికి రానిచ్చాక కసరడం కంటే గుమ్మంలోనే ఆపడం మేలని, దీన్ని అద్దానికి బయటే కప్పాలనుకున్నాను. ఆ పువ్వులదాన్ని విప్పి, ఉతికి ఆరేశాను.

మర్నాడు పొద్దున ఆయన కారు తుడవబోయి, సీటు మీద గోనె చూసి, “ఇదేటే?” అన్నాడు.

“పరదా.”

“మరి ఆ పువ్వులది?”

“ఇచ్చీసొత్తాను.”

మంచుకు అది ఇంకా చెమ్మగానే ఉంది. అలాగే మడిచి క్వార్టరుకు తీసుకెళ్ళాను. ఆమె చిన్న కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని మిషను ముందు ఉంది.

“ఏటప్పా, సాల్నేదా?”

“సాలింది. బాగానే పనిసేసింది. ఇంట్లో గోని ఉండగా మంచి గుడ్డ ఎండకి పాడు సెయ్యడమేల? మీ గుంటకి గౌను కుట్టు. ఇంకోమాట. మా మావ ఆఖరోడు, ఆయనకి సెల్లి నేదు. ఇకనుంచి నన్ను వదినా అను.”

ఈసారి ఆమె నవ్వలేదు.

“అలాగేనొదినా,” అని గుడ్డ అందుకుంది.

నేను తిరిగి స్టేషను ముందుకు వచ్చేసరికి ఆయన గోనెను అద్దం మీద పరిచి, అంచులు వైపరు కర్రల కింద దోపుతున్నాడు. పక్క అద్దాలు వేలెడు దించి, తలుపులు వేసి, టీ తాగడానికి వెళ్ళాడు.